లోపం లేని కారు

ఫిబ్రవరి 4

అన్నయ్యా,

నిన్న ఫోన్లో కారు సంగతి ఎత్తగానే "రాసి పంపరా, నోటిమాట నాకెక్కదు" అని పెట్టేశావు. బీమా కంపెనీ తరఫున ముప్ఫై ఏళ్ళ పైగా గుద్దుకున్న కార్లు చూసి రిపోర్టులు రాసినవాడివి. రిటైరైనా ఆ అలవాటు వదల్లేదు. సరే, రాస్తున్నాను.

నాకొక కారు కావాలి. ఉన్నదానికేం లోటు లేదు. ఇంటికీ క్లినిక్‌కీ మధ్య అది నేను లేకుండా కూడా వెళ్ళి రాగలదు. నాకు కావలసింది రోడ్డు మీద నడపని కారు. మా ఊరి బయట విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వేని రేసు ట్రాక్‌గా మార్చారు. నెలకో ఆదివారం మాలాంటి మామూలు జనాన్ని లోపలికి రానిస్తారు. పందెం కాదు, కప్పు లేదు, గెలిచేదీ ఓడేదీ లేదు. ఎవరి కారు వాళ్ళు తెచ్చుకుని, హెల్మెట్ పెట్టుకుని, చేతనైనంత వేగంగా తిరగడమే. నేను నోట్లో కొత్త పన్ను కట్టిన ఒక పేషెంటు, ఆ కృతజ్ఞత కొద్దీ, కిందటి నెల తన కారు నాకిచ్చాడు. అన్నయ్యా, మూడో మలుపు దగ్గర నా గుండె వెనక సీట్లో ఉండిపోయింది. ఆ కారుకి వెనక సీటే లేదు.

నవ్వకు. ఇరవై ఏళ్ళుగా జనం నన్ను చూసి కుర్చీ చేతులు పట్టుకుని బిగుసుకుపోతున్నారు. నాకూ ఒకసారి అలా బిగుసుకుపోవాలని ఉంది.

కారు తేలిగ్గా ఉండాలి. రెండే సీట్లు, వెనక చక్రాలు తోసేది, గేర్లు చేత్తో వేసుకునేది. ఇంజను మరీ బలంగా ఉండక్కర్లేదు, కొత్తవాడికి అది పసివాడి చేతిలో కత్తి అట. బ్రేకులు మాత్రం గట్టివి కావాలి. గోడకి గీసుకున్నా ప్రాణం ఉసూరుమననంత పాతదై ఉండాలి, విడిభాగాలు దొరకనంత పాతది కాకూడదు. ఇలాంటివి అమ్మేవాళ్ళంతా మీ ఊరి చుట్టుపక్కలే ఉన్నారు. రెండు ప్రకటనలు కత్తిరించి పంపుతున్నాను. నువ్వు చూసి సరేనంటే కొంటాను, కాదంటే లేదు. కార్ల విషయంలో నీ మాట నాకు వేదం.

మీ మరదలికి చెప్పాను. "మీ అన్నయ్య ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదు" అంది. నువ్వు ఒప్పుకోవని ఆవిడ ధైర్యం.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 15

పళ్ళ డాక్టరు గారికి,

అన్న ఆశీస్సులు, కొంచెం చీవాట్లు కలిపి.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి అర్థమైంది, అదే ఎక్కువ బాధ. బయలుదేరిన చోటికే తిరిగి రావడానికి కారెందుకురా? గానుగెద్దు కూడా గుండ్రంగానే తిరుగుతుంది. కనీసం నూనె వస్తుంది.

అడిగావు కాబట్టి వెళ్ళి చూశాను. తెల్ల కారు అమ్మేవాడు "సింగిల్ హ్యాండ్ బండి సార్, ఒకే చేతి మీద నడిచింది" అన్నాడు. బండి ముందుభాగం చూస్తే రెండో చెయ్యి ఏమైందో తెలిసింది. మొత్తం కొత్తగా అతికించారు. ఎర్ర కారు తలుపు గట్టిగా వేస్తే కిటికీ అద్దం తనంతట తానే కిందికి దిగింది. "గాలి కోసం సార్" అన్నాడు అమ్మేవాడు. రెండూ వద్దు.

మీ వదినకి కింది దవడ పన్ను సలుపుతోంది. నీ దగ్గరికి వెళ్దామంటే "వాడు సొంతవాడు కదా, ఇంకా గట్టిగా పీకుతాడు" అంటోంది. ఇంట్లో డాక్టరు ఉండటం వల్ల మాకున్న సుఖం ఇది.

యాభై దాటినవాళ్ళకి ఈత మంచిదని పేపర్లో రాశారు. ఆలోచించు.

మీ అన్నయ్య


మార్చి 2

అన్నయ్యా,

ఈత సంగతి తర్వాత. ముందు ఈ ఫోటో చూడు.

నెమలి మెడ రంగు. ఎడమ తలుపు మాత్రం ఒక పిసరు లేత రంగు, ఎప్పుడో మార్చినట్టున్నారు. ఆ తలుపు వల్లే అది నాకు మరీ నచ్చింది. మా క్లినిక్‌లో నేను కట్టే పళ్ళు కూడా పక్క పన్నుతో సరిగ్గా రంగు కలవవు. ఇంజను చిన్నది, బరువు తక్కువ, బ్రేకులు కిందటేడాదే వేయించారట. నేను వెతుకుతున్నవన్నీ ఉన్నాయి. మిగతా ప్రకటనలు చించేశాను.

నిన్న ఒక పేషెంటు నోట్లో అద్దం పెట్టి మూడో మలుపు గురించి ఆలోచిస్తున్నాను. "ఏమైంది డాక్టరుగారూ, అంత చెడ్డగా ఉందా?" అని ఆవిడ ఏడుపు మొహం పెట్టింది. త్వరగా చూసి రా. పరాయివాళ్ళ పళ్ళు ప్రమాదంలో ఉన్నాయి.

నువ్వు తీసుకునే శ్రమ తలుచుకుంటే సిగ్గేస్తోంది. నీలాంటి అన్న ఎందరికి ఉంటాడు?

నీ తమ్ముడు


మార్చి 19

తమ్ముడికి,

నెమలి రంగు కారు చూశాను. ముందు మంచి చెబుతాను, అదే ఎక్కువ కాబట్టి. ఇంజను గడియారంలా ఉంది. తలుపు వేస్తే నగల పెట్టె మూత పడ్డట్టు చప్పుడవుతుంది. అమ్మే ఆవిడ వయొలిన్ టీచరు. కవలలు పుట్టారు, రెండు సీట్లు చాలవు. కారు గురించి చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి అటు తిరిగి ముక్కు తుడుచుకుంది. పరీక్ష కోసం నేనే నడిపాను. పరీక్ష తృప్తిగా రాలేదని మరోసారి నడిపాను. బైపాస్ మీద ఇంకోసారి.

ఇక చెడు. ఎడమవైపు వెనక చక్రం పైన ఛాసీ వంగింది. ఛాసీ అంటే కారుకి ఎముకల గూడు. నీ భాషలో దవడ అనుకో. పన్ను పోతే ఇంకోటి కట్టొచ్చు, దవడ వంకర పోతే ఏం చేస్తావు? ఆ వంపు పైకి కనిపించదు, ఫోటోలో అసలే కనిపించదు, మామూలు మెకానిక్‌కి దొరకదు. నెమ్మదిగా నడిపితే తెలియదు కూడా. వేగంగా కుడికి తిప్పినప్పుడు వెనకభాగం జారి బండి బొంగరమవుతుంది. ఇలాంటివి నేను చాలా చూశాను. బాగుచేసినా నమ్మకం లేదు. కాబట్టి వద్దు. దాన్ని మరిచిపో.

ఈ మధ్య రాత్రిళ్ళు సరిగ్గా నిద్ర పట్టడం లేదు. వయసు.

మీ అన్నయ్య


ఏప్రిల్ 21

అన్నయ్యా,

నీ రిపోర్టు చదివాక వారం రోజులు క్లినిక్ నుంచి వచ్చి ఉన్న కారు దిగకుండా అందులోనే కూర్చునేవాణ్ణి. మీ మరదలు జాలిపడి "పోనీ ఇంకోటి చూసుకోండి" అంది. అంత జాలి ఆవిడకి నా మీద పెళ్ళయిన కొత్తలో కూడా లేదు. కానీ ఇంకోటి చూడబుద్ధి కాలేదు. ఆ కారులో నువ్వు లోపం పట్టకపోతే ఈపాటికి నేను బొంగరమై ఉండేవాణ్ణి. నా ప్రాణం కాపాడావు.

కారు లేకపోయినా ట్రాక్‌కి దూరంగా ఉండలేక జెండాలు ఊపే పనికి కుదిరాను. జీతం లేదు, మధ్యాహ్నం భోజనం పెడతారు. మూడో మలుపు నాదే. నీలం జెండా ఊపితే "వెనక వేగంగా వస్తున్నారు, దారి ఇవ్వు" అని అర్థం.

అసలు విషయం విను. మొన్న ఆదివారం ఆ నెమలి రంగు కారు వచ్చింది! అదే తలుపు, అదే రంగు. ఎవడో కొన్నాడు. నడిపేవాడు ఎవడో గానీ, ఒళ్ళో గుడ్లబుట్ట పెట్టుకున్నట్టు నడుపుతున్నాడు. మలుపు రాకముందే బ్రేకు, మలుపులో బ్రేకు, మలుపు దాటాక కృతజ్ఞతగా ఇంకో బ్రేకు. వాడి వెనక పెళ్ళి ఊరేగింపులా కార్లు బారులు తీరాయి. వాడికి నీలం జెండా ఊపీ ఊపీ నా భుజం పడిపోయింది. ఒకసారి వాడు జెండాకి బదులుగా చెయ్యి ఊపాడు, నేనేదో పలకరిస్తున్నానని!

మొదట నవ్వుకున్నాను. తర్వాత భయమేసింది. ఆ ఛాసీ సంగతి ఆ అమాయకుడికి తెలియదు కదా! ఈరోజు నెమ్మదిగా వెళ్తున్నాడు, రేపు ధైర్యం వస్తే? తెలిసీ చెప్పకపోతే ఆ పాపం మనది. నీ రిపోర్టు నకలు ఒకటి పంపు, వాడికిస్తాను.

నీ తమ్ముడు


మే 3

తమ్ముడికి,

ఉత్తరం చేరింది. తొందరపడకు.

ఒకరి కోసం చూసిన కారు రిపోర్టు ఇంకొకరికి ఇవ్వడం మా వృత్తిలో పద్ధతి కాదు. నీ పేషెంటు నోటి ఎక్స్‌రే వీధిలో పంచుతావా? పైగా ఆ మనిషి ఎవరో ఏమో. తెలిసే కొని ఉండొచ్చు. పెద్దాయన అయితే తన జాగ్రత్తలో తను ఉంటాడు. ఇంకోమాట, మలుపుకి ముందు బ్రేకు వేయడం నేరం కాదు. మలుపులో వేయడం కూడా ఆయన అనుభవాన్నిబట్టి ఉంటుంది. వెనకవాళ్ళకి అంత తొందరైతే పొద్దున్నే బయలుదేరాల్సింది. కొత్తగా నేర్చుకుంటున్న మనిషిని చూసి నవ్వడం చదువుకున్నవాడికి తగదు. చెయ్యి ఊపాడంటే మర్యాదస్తుడే అయి ఉంటాడు.

ఎండలో నిలబడి జెండాలు ఊపే పని నీకెందుకు? టోపీ పెట్టుకుంటున్నావా?

మీ అన్నయ్య

తా.క.: గుడ్లబుట్ట పోలిక మీ వదినకి చదివి వినిపించాను. అంతసేపు ఎందుకు నవ్విందో అర్థం కాలేదు.


జూన్ 8

అన్నయ్యా,

కొత్తగా నేర్చుకునేవాళ్ళని చూసి నవ్వితే నీకు కోపం వస్తుందని మరిచిపోయాను. క్షమించు. ఆయన మర్యాదస్తుడని మాత్రం అనకు. విను.

ఈసారి మధ్యాహ్నం విరామంలో నా చోటు వదిలి పరుగెత్తాను, ఆయన్ని పట్టుకుందామని. కారు పక్కనే నిలబడి ఉన్నాడు. అంత ఎండలో హెల్మెట్ తీయలేదు! "సార్, మీతో ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి" అన్నాను. తల అడ్డంగా ఊపాడు. "మీ ప్రాణానికి సంబంధించింది సార్" అన్నాను. ఇంకా గట్టిగా ఊపాడు. నేను ఒక అడుగు వేస్తే ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, చివరికి మరుగుదొడ్లోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. హెల్మెట్‌తో సహా. మూగవాడేమో అనుకున్నాను. టీ అమ్మే ఆవిడ "కాదు, పొద్దున టీలో చక్కెర తక్కువైందని చాలాసేపు మాట్లాడాడు" అంది. అహంకారం కాకపోతే ఏమిటి?

అయినా నా ధర్మం నేను చేశాను. చీటీ రాసి అద్దం మీద వైపరు కింద పెట్టాను: "అయ్యా, మీ కారు ఎడమ వెనక ఛాసీ వంగి ఉంది. ఈ మాట చెప్పినవారు దేశంలోకెల్లా గొప్ప నిపుణులు, అబద్ధం చెప్పరు. దయచేసి వేగంగా నడపకండి. మీ శ్రేయోభిలాషి." నిజానికి వేగం గురించిన వాక్యం ఆయనకి అనవసరం.

నీ తమ్ముడు


జూన్ 20

తమ్ముడికి,

చీటీ బాగా రాశావు. ఆయన చదివే ఉంటాడు. ఇకనుంచి ఆ సంగతి వదిలెయ్.

మీ వదిన పన్ను నొప్పి ముదిరింది. దవడ వాచి మొహం ఒకవైపు పొంగింది. ఇక్కడి డాక్టరు పీకాల్సిందే అన్నాడు, నువ్వైతే నిలబెడతావని చివరికి ఒప్పించాను. వచ్చే వారం బస్సెక్కిస్తాను. నేను రాలేను, నడుం పట్టేసింది. జాగ్రత్తగా చూడు. చికిత్స జరుగుతున్నంతసేపూ ఆవిడతో మాట్లాడించకు. అసలు మాట్లాడించకు. నోటికి విశ్రాంతి అవసరం.

మీ అన్నయ్య


జూలై 6

గౌరవనీయులైన అన్నయ్య గారికి,

వదిన గారి పన్ను నిలిచింది. వివరాలు మీరు రాతలోనే నమ్ముతారు కాబట్టి రాస్తున్నాను.

మంగళవారం ఉదయం ఆవిడ నా కుర్చీలో కూర్చున్నారు. నోట్లో దూది పెట్టాక, మా వృత్తి దురలవాటు కొద్దీ, "అన్నయ్య నడుం ఎలా ఉంది వదినా?" అని అడిగాను. "ఊ ఊ" అన్నారు. నోరు పుక్కిలించాక చెప్పారు.

"నడుం కాక ఇంకేం పడుతుంది నాయనా! ఆ బండిలోకి దిగాలంటే బావిలోకి దిగినట్టు దిగాలి. పట్టుకుని లాగితే గానీ పైకి రారు."

"ఏ బండి వదినా?"

"నెమలి రంగుది. నీకు తెలియకపోవడమేమిటి? మీరిద్దరూ కలిసే తిరుగుతున్నారుగా! 'మా తమ్ముడు నాకోసం ప్రత్యేకంగా జెండా ఊపుతాడు' అని మీ అన్నయ్యే చెప్పారే!"

నా చేతిలోని పరికరం కింద పడింది. దాన్ని మళ్ళీ శుభ్రం చేయించి, పన్ను పని పూర్తి చేశాను. పన్ను విషయంలో మీరు నిశ్చింతగా ఉండొచ్చు.

ఛాసీ ఎక్కడా వంగలేదు, కదూ? నేను అడిగింది కారు బాగుందా లేదా అని. వద్దనుకుంటే వద్దు అనొచ్చు, మీ మాట ఎప్పుడు కాదన్నాను? ఏ కాలేజీలో చేరాలో మీరే చెప్పారు, ఏ ఊళ్ళో క్లినిక్ పెట్టాలో మీరే చెప్పారు. నేను కాగితం మీద సంతకం పెట్టినట్టు తలూపుతూ వచ్చాను. మీ మాట కింద ఏముందో నేను ఒక్కసారి కూడా వంగి చూడలేదు. మరుగుదొడ్డి తలుపు బయట నిలబడి "మీ ప్రాణం సార్, మీ ప్రాణం" అని బతిమాలిన నన్ను తలుచుకుని మీరు లోపల నవ్వుకుని ఉంటారు.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి


జూలై 18

తమ్ముడూ,

లోపల నేను నవ్వలేదు. హెల్మెట్‌లో చెమటకి కళ్ళు మండుతున్నాయి. చెమటే అనుకో.

నువ్వు ఏప్రిల్లో రాసిన ఉత్తరం చూసి నీకు తెలిసిపోయిందనీ, నన్ను ఉడికిస్తున్నావనీ అనుకున్నాను. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ జవాబు రాశాను. తర్వాత నీకు నిజంగా తెలియదనీ, నా ప్రాణం కోసం నిజంగా భయపడుతున్నావనీ అర్థమయ్యాక చెప్పడానికి మొహం చెల్లలేదు.

ఆ కారులో ఏ లోపమూ లేదు. అదే దానిలోని లోపం. తెల్లదాన్ని, ఎర్రదాన్ని వద్దనడానికి నాకు అబద్ధం అవసరం కాలేదు. ఇది మాత్రం నువ్వు కొని తీరతావు. నేను ఇన్నేళ్ళూ చూసింది కార్లు కాదురా, కార్లలో మిగిలినవి. సీటు కింద ఒంటి చెప్పు. తాళం తీసినా ఆగని రేడియో. నడిపినవాళ్ళని నేనెప్పుడూ చూడలేదు. నేను వెళ్ళేసరికి వాళ్ళక్కడ ఉండరు. అందుకే నడపడంలో సంతోషం ఉంటుందని నాకు చెప్పినవాళ్ళు లేరు. నువ్వు ఎక్కబోయే ప్రతి కారూ నాకు గుద్దుకున్నాక ఎలా ఉంటుందో అలాగే కనిపించింది.

మరి ఎందుకు కొన్నావంటావు. నా షెడ్డులో ఉంటే నీకు ప్రమాదం ఉండదని కొన్నాను. ఇది నాకు నేను చెప్పుకున్నది, నీకు చెప్పినదానికంటే పెద్ద అబద్ధం. వయొలిన్ టీచరు బండి తాళం చేతికిస్తే తిరిగి ఇవ్వబుద్ధి కాలేదు, అంతే. తర్వాత ఇంజను పాడవకుండా వీధి చివరిదాకా తిప్పాను. తర్వాత ఆ ట్రాక్ ఎంత ప్రమాదమో తెలుసుకుందామని వచ్చాను. తర్వాత ఏ సాకూ లేకుండా వచ్చాను. మూడో మలుపు దగ్గర నువ్వు జెండాతో నిలబడి ఉంటే, చిన్నప్పుడు నిన్ను బడి దగ్గర దింపి వచ్చేటప్పుడు చెయ్యి ఊపినట్టు ఊపాను. నువ్వు పలకరించావనుకోలేదు. నేనే పలకరించాను.

కారు మీ ట్రాక్ షెడ్డులోనే ఉంది. తాళంచెవి ఈ కవర్లో పెట్టాను. ఇది నీది.

అన్నయ్య


సెప్టెంబరు 27

అన్నయ్యా,

తాళంచెవి రెండు నెలలు సొరుగులో ఉంది. రోజూ సొరుగు తెరిచి మూసేవాణ్ణి. మీ మరదలు చూసి చూసి "మీ అన్న మీద కోపం కారు మీద చూపిస్తే కారుకేం తెలుస్తుంది?" అంది. ఆవిడ నన్ను ట్రాక్‌కి పొమ్మనడం ఇదే మొదటిసారి.

మొన్న నడిపాను.

ఎలా ఉందో రాయను. నీకు తెలుసు. పొద్దుటి నుంచి కొంచెం కొంచెం వేగం పెంచుకుంటూ వచ్చాను. మధ్యాహ్నం మూడో మలుపు, కుడివైపు తిరిగేది. వెనకభాగం నన్ను వదిలేసి తన దారిన తను పోయింది. ఆకాశం, జెండా మనిషి, గడ్డి, మళ్ళీ ఆకాశం. గడ్డిలో ఆగాను. నాకేం కాలేదు, మొదట అది చదువుకో. కారుకీ దెబ్బ లేదు. చుట్టూ దుమ్ము లేచి ఉంటే నేను లోపల కూర్చుని, నా జన్మలో మొదటిసారి, కుర్చీ చేతులు పట్టుకుని బిగుసుకుపోయాను. ముచ్చట తీరింది.

నా చేతకానితనం అనుకున్నాను. కానీ ఎడమ వెనక టైరు లోపలి అంచు ఒక్కటే అరిగిపోయి తీగలు కనిపిస్తున్నాయి. వర్క్‌షాపులో కొలత బల్ల మీదికి ఎక్కించారు. అన్నయ్యా, ఛాసీ వంగి ఉంది. ఎడమవైపు, వెనక చక్రం పైన. నువ్వు రాసిన చోటే, నువ్వు రాసినట్టే! ఆ తలుపు మార్చిన రోజుల నాటి దెబ్బ అయి ఉంటుందన్నారు.

వర్క్‌షాపు వాళ్ళ ముందే పిచ్చివాడిలా నవ్వాను. నన్ను కాపాడటానికి లేని లోపం కల్పించావు. ఆ లోపం ఉన్న కారునే కొని, అందులో నువ్వు తిరిగి, చివరికి తాళంచెవి కవర్లో పెట్టి నాకు పంపావు. పైగా నేను చీటీ రాసి మరీ హెచ్చరించాను. ఆ చీటీలో ప్రతి మాటా నిజం. "అబద్ధం చెప్పరు" అన్నదాంతో సహా!

నీ నడుం ఎలా ఉంది?

నీ తమ్ముడు


అక్టోబరు 9

తమ్ముడూ,

ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. "మొదట అది చదువుకో" అని రాశావే, దాని తర్వాతి వాక్యానికి వెళ్ళడానికి నాకు చాలాసేపు పట్టింది.

నువ్వు నవ్వావు. నేను నవ్వలేకపోతున్నాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్క వంపూ నా కన్ను దాటిపోలేదు. ఆ రోజు మాత్రం నేను కారు కిందికి వంగనే లేదు. లేని లోపం ఎక్కడ పెడితే నువ్వు నమ్ముతావా అని ఆలోచిస్తూ నిలబడ్డాను. ఉందో లేదో వెతకడం మరిచిపోయాను. ప్రేమ గుడ్డిదంటారు, అది తమ్ముడి మీదో కారు మీదో తేల్చుకోలేకుండా ఉన్నాను.

ఛాసీని బల్ల మీద లాగి సరిచేయించు. బాగుచేసినా నమ్మకం లేదని రాశాను, అది కూడా అబద్ధమే. సరిగ్గా లాగితే బాగవుతుంది.

ఇంకో వార్త. మీ ట్రాక్ వాళ్ళు పొద్దున గేటు దగ్గర ప్రతి కారునీ పరీక్ష చేసి లోపలికి వదిలే మనిషి కావాలని బోర్డు పెట్టారట. దరఖాస్తు పంపాను. "మీ అనుభవం?" అని అడిగితే వంపు సంగతి చెప్పలేదు. డిసెంబరు నుంచి రమ్మన్నారు. మీ వదిన కూడా వస్తానంటోంది, నీ కుర్చీలో కూర్చోనని మాటిస్తే.

అన్నయ్య


డిసెంబరు 12

అన్నయ్యా,

ఆదివారం నీ ఎదురుగా చెప్పలేకపోయాను. రాసి ఇవ్వనిది నీకెక్కదు కూడా.

ఛాసీ సరిచేయించిన మన కారుతో పొద్దున వరసలో ఆగాను, నా ముందు నాలుగైదు కార్లున్నాయి. నువ్వు చేతిలో టార్చి పట్టుకుని ఒక్కొక్కదాని కిందికీ దూరి చూసి "వెళ్ళు, వెళ్ళు" అని పంపిస్తున్నావు. మన వంతు వచ్చింది. చూశావు. లేచి ప్యాంటు దులుపుకుని "పక్కన పెట్టు" అన్నావు. నీ ఉద్యోగం మొదటి రోజు నువ్వు ఆపిన మొదటి కారు మనది.

నేనన్న మాటలు నువ్వు విన్నావు, వెనక వరసలోవాళ్ళు కూడా విన్నారు. "నన్ను నడపనివ్వడం నీకు ఇష్టం లేదు! ఈ ఉద్యోగం కూడా అందుకే తెచ్చుకున్నావు!" అని అరిచాను. ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక నీ మీద గొంతెత్తడం అదే మొదలు. నువ్వు రిపోర్టు చెప్పలేదు, పోలికలు చెప్పలేదు. టార్చి నా చేతిలో పెట్టావు.

"నువ్వే చూడు."

పడుకుని చూశాను. నేల చల్లగా, నూనె వాసనేస్తూ ఉంది. నీ కళ్ళతో కాక నా కళ్ళతో ఒక కారు కింద చూడటం అదే మొదటిసారి. కుడి ముందు చక్రం దగ్గర బ్రేకు గొట్టం చక్రానికి రాసుకుని రాసుకుని పలచబడింది, దాని మీద తడి మెరుస్తోంది. వేలితో ముట్టుకున్నాను. బ్రేకు నూనె. మూడో మలుపు దగ్గర ఆ బ్రేకు నొక్కి ఉంటే ఏమయ్యేదో నాకిప్పుడు రిపోర్టు అక్కర్లేదు.

ఆ రోజంతా మనిద్దరం ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని అవతలివాళ్ళు నడుపుతుంటే తప్పులు పట్టాం. ఎర్ర కారువాడు మలుపులో బ్రేకు వేస్తే నువ్వు నాకంటే గట్టిగా తిట్టావు. వదిన, మీ మరదలు మన వెనక నిలబడి ఏం గుసగుసలాడుకున్నారో తెలియదు గానీ, సాయంత్రం ఇంటికొచ్చాక మీ మరదలు "మీరు తిరగకపోయినా ఇవాళ మొహం తిరిగొచ్చినవాళ్ళలాగే ఉంది" అంది.

నిన్న కొత్త గొట్టం వేయించాను. చూడటానికి నువ్వు రావక్కర్లేదు. పడుకుని చూశాను, బాగుంది.

అయినా ఆదివారం గేటు దగ్గర నువ్వు చూస్తావు. చూడు.

నీ తమ్ముడు